ఇంటి ప్రమాదకర చెత్త – 4వ పాఠం: ‘అయిపోయిన’ సెల్లు అయిపోలేదు

ఈసారి ట్యూబులైట్ల గురించి చెప్పాల్సింది. అది మరో పాఠానికి. కిందటిసారి వాడేసిన బ్యాటరీల గురించి ‘పాత సెల్లులన్నీ ఒక డబ్బాలో వేరుగా పెట్టండి’ అని ఒక్క వాక్యం రాసి వదిలేశాను. ఏ డబ్బానో చెప్పలేదు, ఎలా పెట్టాలో చెప్పలేదు. చాలామంది చేతికందిన స్టీలు డబ్బా తీసి, ఇంట్లో ఉన్నవన్నీ అందులో గుమ్మరించారు. డబ్బా వెచ్చబడిందని కొందరు, ఘాటు వాసన వస్తోందని ఇంకొందరు రాశారు. తప్పు నా వాక్యానిదే. ముందు ఆ డబ్బా సంగతి చూద్దాం.

వేడి తగ్గకపోయినా, పొగ కనిపించినా దాని జోలికి పోకండి. అందరూ బయటికి వచ్చి అగ్నిమాపక సిబ్బందికి ఫోన్ చేయండి. చల్లగా ఉంటే గ్లవుజులు వేసుకుని సెల్లుల్ని ఒక్కొక్కటిగా ప్లాస్టిక్ ట్రేలోకి తీసి, ఒకదానికొకటి తగలకుండా పరచండి. డబ్బాను బోర్లించి దులపొద్దు. కొన్నిటి మీద తెల్లటి పొర కనిపిస్తుంది. ఆల్కలైన్ సెల్లులోంచి కారిన పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం గాలి తగిలి అలా గడ్డకడుతుంది. దాని కింద ఇంకా తడి ఉంటే చర్మం కాలుతుంది, కంట్లో పడితే మరీ ప్రమాదం. గోటితో గీకొద్దు.

ఇక అసలు గొడవ. ‘అయిపోయిన సెల్లే కదా, ఏం చేస్తుంది?’ అనే మాట. నాకు బాగా విసుగు పుట్టించే మాట ఇది. సెల్లు అయిపోవడమంటే అందులో కరెంటు లేకపోవడం కాదు, మీ వస్తువుకు చాలినంత లేకపోవడం. ఫోను సున్నా శాతం చూపించి ఆరిపోయినా లోపలి లిథియం సెల్లులో దాదాపు 3 వోల్టులు మిగిలే ఉంటాయి. అంతకంటే కిందికి దిగితే సెల్లు పాడవుతుందని లోపలి సర్క్యూటే ముందుగా ఆపేస్తుంది. బొమ్మను ఆడించలేని పెన్సిల్ సెల్లును వోల్టులు కొలిచే మల్టీమీటర్‌తో కొలిస్తే తరచుగా 1.1 వోల్టు దాకా చూపిస్తుంది.

9 వోల్టుల చదరపు బ్యాటరీని చేతిలోకి తీసుకుని పైభాగం చూడండి. ప్లస్, మైనస్ రెండూ ఒకే వైపు, సుమారు అర అంగుళం దూరంలో ఉంటాయి. లోపల ఆరు చిన్న సెల్లులు వరుసగా కలిసి ఉంటాయి. ఒక తాళంచెవి, ఒక నాణెం, ఇనప పీచు, ఏది అడ్డం పడినా షార్టు సర్క్యూటే. పక్కన కాగితం ఉంటే అంటుకుంటుంది. బటన్ సెల్లుల తంతు ఇంకోలా ఉంటుంది. వాటి పెద్ద ముఖం, అంచు మొత్తం ప్లస్. వెనక చిన్న ముఖం మైనస్. మధ్యలో సన్నటి ప్లాస్టిక్ వలయం ఒక్కటే అడ్డు. లోహపు డబ్బాలో అవి ఒకదాని మీద ఒకటి పేరుకుంటే మీకు తెలియకుండానే కరెంటుకు దారి ఏర్పడుతుంది.

కాబట్టి టేపు. పారదర్శకంగా ఉన్న మామూలు ప్లాస్టిక్ టేపు నాకిష్టం, ఎందుకంటే సెల్లు మీద రాసిన రకం, కొలతల కోడ్ దాని కింద కనిపిస్తుంది. ఇన్సులేషన్ టేపు కూడా సరే. అల్యూమినియం టేపు మాత్రం వద్దు, అది స్వయంగా కరెంటును మోస్తుంది.

లిథియం బ్యాటరీ ఏదైనా సరే, 9 వోల్టులదైనా సరే, ధ్రువాలన్నిటికీ, అంటే ప్లస్, మైనస్ కొసలకు, టేపు తప్పదు. బటన్ సెల్లును రెండు టేపు ముక్కల మధ్య అప్పడంలా పెట్టి అంచులు నొక్కేయండి. ఇది పిల్లల గురించి కూడా. 20 మిల్లీమీటర్ల సెల్లు గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలుతుంది. మింగారని అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మామూలు ఆల్కలైన్ పెన్సిల్ సెల్లులకు నేనైతే టేపు వేయను. అట్టపెట్టెలో అన్నీ ఒకే వైపు తల పెట్టి నిలబెడతాను. పెన్సిల్ సైజులోనే ఉండి ఒంటిమీద 3.7 వోల్టులు అని రాసి ఉంటే మాత్రం అది లిథియం, టేపు వేయాల్సిందే.

మామూలు పెన్సిల్ సెల్లుల్ని పడేసే ముందు నా లెక్క ఒకటుంది. మీటరును 20 వోల్టుల డీసీ మీద పెట్టి కొలవండి. 1.2 దాటితే గోడ గడియారానికి, 1.0 లోపైతే అట్టపెట్టెలోకి. మధ్యవి రిమోటులో ప్రయత్నించవచ్చు. కానీ పాతదాన్ని కొత్తదాని పక్కన పెట్టొద్దు. బలహీనమైనదే ముందు కారుతుంది, వస్తువును కూడా పాడుచేస్తుంది.

ఉబ్బిన బ్యాటరీకి ఇవేవీ వర్తించవు. దాన్ని నొక్కొద్దు, గుచ్చొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు. బిగించి ఉన్న ఫోనులోంచి పీకే ప్రయత్నమూ వద్దు, ఫోనుతో సహా ఇచ్చేయండి. అప్పటిదాకా లోహపు పాత్రలో పొడి ఇసుక మధ్య, ఆరుబయట, నీడలో ఉంచండి. పాత్రకు గాలి చొరబడని మూత బిగించొద్దు. ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి ముందుగా ఫోన్ చేసి, ఉబ్బినవి తీసుకుంటారో లేదో అడిగి వెళ్లండి. ఉప్పునీళ్లలో నానబెడితే సెల్లు చచ్చిపోతుందని కొందరు చెబుతారు. అది చేయొద్దు. సెల్లు తుప్పు పట్టి తెరుచుకుంటుంది, మండే వాయువులు రావచ్చు, పైగా పారబోయలేని బకెట్టు నీళ్లు మీ దగ్గర మిగులుతాయి.

అభ్యాసం: ఇంట్లో దాక్కున్న బ్యాటరీలు కనీసం 20 వెతికి పట్టిక రాయండి. బరువు తూచే యంత్రం, కారు తాళం, పాట పాడే గ్రీటింగ్ కార్డు, ట్రిమ్మరు, చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు, వాటి డబ్బా కూడా మరవొద్దు. ఒక్కోదానికి కోడ్, రకం, కొత్తప్పుడు ఉండే వోల్టులు, చేత్తో తీయగలమా లేదా రాయండి. సీఆర్ 2032 అని ఉంటే సీ అంటే లిథియం, ఆర్ అంటే గుండ్రం, 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. ఈ లెక్కన సీఆర్ 2025, సీఆర్ 1620 కొలతలు మీరే చెప్పండి. పట్టికలో తీయలేని బ్యాటరీలు ఎన్ని వచ్చాయో విడిగా లెక్కపెట్టి ఉంచండి, వచ్చే పాఠం ఆ అంకెతోనే మొదలవుతుంది.