ఇంటి దగ్గరే రౌటింగ్ – 6వ పాఠం: తెగిన దారిని రౌటర్ ఎలా కనిపెడుతుంది?

గత పాఠంలో ఒకే గమ్యానికి రెండు స్టాటిక్ రూట్లు (మనమే చేత్తో రాసే దారులు) రాశాం. మొదటిదాన్ని మామూలుగా వదిలేసి, రెండోదానికి అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ (ఏ రూటును ముందు నమ్మాలో చెప్పే అంకె, తక్కువ ఉన్నదే గెలుస్తుంది) 250 ఇచ్చాం. స్టాటిక్ రూటుకు సహజంగా ఉండే విలువ 1 కాబట్టి మొదటిదే రూటింగ్ పట్టికలో నిలిచింది. అభ్యాసంలో భాగంగా మొదటి లింకు కేబుల్‌ను రౌటర్ నుంచి ఊడదీసినప్పుడు రెండో రూటు వెంటనే పైకి వచ్చింది. ఆ అభ్యాసం శ్రద్ధగా చేసినవారికి ఒక అనుమానం వచ్చే ఉంటుంది. బయట లింకు తెగినప్పుడు మన రౌటర్‌కు గుచ్చిన కేబుల్‌ను ఎవరూ ఊడదీయరు కదా? ఈ పాఠమంతా ఆ అనుమానం గురించే.

చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు తీసే ఒక కర్మాగారాన్ని ఊహించుకుందాం. జూన్, జూలై నెలల్లో తోతాపురి కాయల లోడుతో ట్రాక్టర్లు, లారీలు గేటు బయట బారులు తీరి ఉంటాయి. కాటా ఎక్కిన ప్రతి బండి బరువూ సుమారు 70 కిలోమీటర్ల అవతల తిరుపతిలో ఉన్న ప్రధాన కార్యాలయం సర్వరులో నమోదైతేనే రైతు చేతికి చీటీ వస్తుంది. కర్మాగారానికి ఒక ఫైబర్ లింకు ఉంది. అది పనిచేయనప్పుడు వాడుకోవడానికి ఒక 4జీ లింకు ఉంది. రోడ్డు వెడల్పు పనుల్లో జేసీబీ ఎక్కడో ఫైబర్‌ను తెంపింది. రౌటర్ నుంచి గోడ మీది మీడియా కన్వర్టర్‌కు (ఫైబర్‌ను రాగి కేబుల్‌కు కలిపే పెట్టెకు) వెళ్లే రాగి కేబుల్ మాత్రం చెక్కుచెదరలేదు. రౌటర్ మీద ఆకుపచ్చ దీపం వెలుగుతూనే ఉంది. ఇంటర్‌ఫేస్ (కేబుల్ గుచ్చిన పోర్టు) పనిచేస్తోంది కాబట్టి మొదటి రూటు పట్టికలోంచి కదలదు. పంపిన ప్రతి ప్యాకెట్టూ తెగిన తీగ వైపే వెళ్లి పోతుంది. డబ్బు కట్టి పెట్టుకున్న 4జీ లింకు ఖాళీగా ఉంటుంది, రైతు ఎండలో నిలబడతాడు.

అలిపిరి గేటు తెరిచి ఉన్నంత మాత్రాన ఘాట్ రోడ్డు మీద ఎక్కడా కొండచరియ విరిగిపడలేదని చెప్పలేం. రౌటర్‌కు కనిపించేది గేటు మాత్రమే. దారి పొడవునా ఏం జరిగిందో తెలియాలంటే ఒక మనిషి పైదాకా వెళ్లి తిరిగి రావాలి. రౌటర్ విషయంలో ఆ మనిషి పింగ్, అంటే ‘ఉన్నావా?’ అని అడిగి జవాబు కోసం చూసే చిన్న ప్యాకెట్. సిస్కో రౌటర్లలో ఈ పింగ్‌ను క్రమం తప్పకుండా పంపే ఏర్పాటును ఐపి ఎస్‌ఎల్‌ఏ అంటారు. దాని ఫలితాన్ని గమనిస్తూ ఉండేది ట్రాక్. ట్రాక్ ‘డౌన్’ అనగానే దానికి కట్టిన స్టాటిక్ రూటు పట్టికలోంచి తప్పుకుంటుంది. అప్పుడు 250 విలువతో వెనక వేచి ఉన్న రూటు ముందుకు వస్తుంది. ఇంతే యంత్రాంగం. కష్టమంతా దీన్ని సరిగ్గా కట్టడంలో ఉంది.

మన నమూనా చిరునామాలు ఇవి. ఫైబర్ వైపు గేట్‌వే (బయటికి వెళ్లే దారిలో మొదటి మజిలీ) 192.0.2.1, 4జీ వైపు గేట్‌వే 198.51.100.1. తిరుపతిలో అందరూ వాడే సర్వరు 203.0.113.20. అదే కార్యాలయ రౌటర్‌లో పరీక్ష కోసమే పెట్టిన అదనపు చిరునామా 203.0.113.10. ఈ చిరునామాలున్న మూడు శ్రేణులనూ ఆర్‌ఎఫ్‌సి 5737 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం బోధన, పత్రాల కోసం ప్రత్యేకించింది కాబట్టి నిర్భయంగా వాడుకోవచ్చు. ఆదేశాలను పలికే తీరులో తెలుగులో రాస్తున్నాను, రౌటర్‌లో ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేయండి. గత పాఠంలో రాసిన మొదటి డిఫాల్ట్ రూటును (పట్టికలో వేరే దారి లేని ప్యాకెట్లన్నీ పట్టుకునే దారిని) ముందు తీసేయండి.

ఐపి ఎస్‌ఎల్‌ఏ 1
ఐసిఎంపి-ఎకో 203.0.113.10 సోర్స్-ఇంటర్‌ఫేస్ గిగాబిట్‌ఈథర్నెట్0/0
థ్రెషోల్డ్ 2000
టైమౌట్ 2000
ఫ్రీక్వెన్సీ 5
ఎగ్జిట్
ఐపి ఎస్‌ఎల్‌ఏ షెడ్యూల్ 1 లైఫ్ ఫరెవర్ స్టార్ట్-టైమ్ నౌ
ట్రాక్ 10 ఐపి ఎస్‌ఎల్‌ఏ 1 రీచబిలిటీ
డిలే డౌన్ 15 అప్ 60
ఎగ్జిట్
ఐపి రూట్ 0.0.0.0 0.0.0.0 192.0.2.1 ట్రాక్ 10
ఐపి రూట్ 0.0.0.0 0.0.0.0 198.51.100.1 250

థ్రెషోల్డ్, టైమౌట్ మిల్లీసెకన్లలోనూ, ఫ్రీక్వెన్సీ సెకన్లలోనూ ఉంటాయి. వాటిని ఇదే వరుసలో ఇవ్వండి. థ్రెషోల్డ్ టైమౌట్‌ను మించకూడదు, టైమౌట్ ఫ్రీక్వెన్సీని మించకూడదు. వరుస తప్పితే రౌటర్ ఒప్పుకోదు. షెడ్యూల్ వరుసను మరిచిపోతే పరీక్ష మొదలే కాదు, దాంతో మొదటి రూటు ఎప్పటికీ పట్టికలోకి రాదు. ఒకసారి షెడ్యూల్ చేసిన పరీక్షను మధ్యలో మార్చడం కుదరదు. దాన్ని ‘నో ఐపి ఎస్‌ఎల్‌ఏ 1’తో తీసేసి మళ్లీ రాయాలి. పాత 12.4 తరం సాఫ్ట్‌వేర్ ఉన్న రౌటర్ మీకు దొరికితే ట్రాక్ వరుసలో ‘ఐపి ఎస్‌ఎల్‌ఏ’ బదులు ‘ఆర్‌టిఆర్’ అని ఉంటుంది.

ఇక్కడితో ఆగిపోయే పాఠాలు చాలా కనిపిస్తాయి. దయచేసి మీరు ఆగకండి. పైన రాసింది ఇంకా పని చేయదు. ప్రయోగశాలలో పనిచేసినట్టు కనిపించి, నిజంగా లింకు తెగిన రోజున మోసం చేస్తుంది.

ఎందుకో అడుగు అడుగుగా చూద్దాం. ముందు సోర్స్-ఇంటర్‌ఫేస్ అనే భాగం లేదనుకోండి. ఫైబర్ తెగింది. పింగ్ తిరిగి రాలేదు. ట్రాక్ డౌన్ అయింది, మొదటి రూటు పోయింది, 4జీ రూటు వచ్చింది. ఐదు సెకన్ల తర్వాత బయలుదేరే పింగ్ ఏ దారిన వెళ్తుంది? పట్టికలో ఉన్న ఒకే ఒక డిఫాల్ట్ రూటు 4జీది కాబట్టి ఆ దారినే వెళ్తుంది, క్షేమంగా తిరిగి వస్తుంది. ట్రాక్ సంతోషించి ‘అప్’ అంటుంది. మొదటి రూటు తిరిగి వస్తుంది. రద్దీ అంతా మళ్లీ తెగిన ఫైబర్ వైపు మళ్లుతుంది. పింగ్ మళ్లీ విఫలమవుతుంది. ఫైబర్‌ను అతికే దాకా ఈ ఊగిసలాట ఆగదు. కాటా దగ్గర కాసేపు పని జరిగి, ఇంకాసేపు నిలిచిపోతూ ఉంటుంది. పూర్తిగా తెగిన లింకు కన్నా ఇది ఎక్కువ వేధిస్తుంది, ఎందుకంటే ఫిర్యాదు అందుకుని చూసేవారికి ప్రతిసారీ ‘ఇప్పుడు బాగానే ఉందే’ అనిపిస్తుంది.

సోర్స్-ఇంటర్‌ఫేస్ పెడితే సరిపోతుందని చాలామంది నమ్ముతారు. అది పింగ్ మీద పంపినవారి చిరునామాను మాత్రమే నిర్ణయిస్తుంది, బయటికి వెళ్లే దారిని నిర్ణయించదు. దారి ఎప్పుడూ రూటింగ్ పట్టిక చేతిలోనే ఉంటుంది. ఇప్పుడు ఇంకో రకం ఇబ్బంది వస్తుంది. ఫైబర్ తెగాక పింగ్ ఫైబర్ చిరునామా వేసుకుని 4జీ దారిన వెళ్తుంది. దానికి జవాబు ఫైబర్ చిరునామాకే బయలుదేరి తెగినచోట ఆగిపోతుంది, కాబట్టి ట్రాక్ డౌన్‌లోనే ఉంటుంది. అంతవరకు మంచిదే. తర్వాత ఫైబర్‌ను బాగుచేశారు. పింగ్ ఇంకా 4జీ దారినే వెళ్తోంది. తమది కాని చిరునామాతో వచ్చే ప్యాకెట్లను 4జీ సంస్థ వడకట్టేస్తుంటే ఆ పింగ్ ఎన్నటికీ గమ్యం చేరదు. ఫైబర్ బాగుపడినా రౌటర్ రోజుల తరబడి 4జీ మీదే ఉండిపోతుంది. ఆ సంగతి డేటా బిల్లు వచ్చినప్పుడు గానీ తెలియదు.

రెండు రోగాలకూ మందు ఒకటే. ఏ దారిని పరీక్షిస్తున్నామో పింగ్ ఆ దారిలోనే వెళ్లాలి, వేరే దారి అసలు దొరకకూడదు. అందుకు పరీక్ష చిరునామాకు విడిగా రెండు రూట్లు రాస్తాం:

ఐపి రూట్ 203.0.113.10 255.255.255.255 గిగాబిట్‌ఈథర్నెట్0/0 192.0.2.1
ఐపి రూట్ 203.0.113.10 255.255.255.255 నల్0 250

మొదటి వరుస పింగ్‌ను ఫైబర్‌కు కట్టేస్తుంది. దీనికి ట్రాక్ తగిలించకూడదు. తగిలిస్తే పరీక్ష తన కాళ్లను తానే నరుక్కున్నట్టు అవుతుంది. ఇంటర్‌ఫేస్ పేరు, గేట్‌వే రెండూ రాయడం అవసరం. అలా రాస్తేనే ఇంటర్‌ఫేస్ పడిపోయినప్పుడు ఈ రూటు కూడా తప్పనిసరిగా పోతుంది. అప్పుడు రెండో వరుస అందుకుని పింగ్‌ను నల్0లో, అంటే వచ్చినదాన్నల్లా పారేసే ఉత్తుత్తి ఇంటర్‌ఫేస్‌లో, పడేస్తుంది. రెండో వరుస లేకపోతే పింగ్ డిఫాల్ట్ రూటు పట్టుకుని 4జీ లోకి జారుకుంటుంది, పాత కథ మళ్లీ మొదలవుతుంది. నల్0 బదులు ‘పర్మనెంట్’ అనే పదాన్ని మొదటి వరుసకు జోడించి, ఇంటర్‌ఫేస్ పడిపోయినా ఆ రూటును పట్టికలోనే ఉంచే పద్ధతి కూడా ఉంది. నాకు నల్0 పద్ధతే నచ్చుతుంది. పట్టికను చూసిన ఎవరికైనా ఉద్దేశం అర్థమవుతుంది.

ఇప్పుడు పరీక్ష చిరునామాను ఎలా ఎంచుకోవాలో ఆలోచిద్దాం. గేట్‌వే 192.0.2.1నే పింగ్ చేస్తే తేలిక అనిపిస్తుంది. కానీ అది మరీ దగ్గర. దాని అవతల తెగితే మనకు తెలియదు. ఇక ప్రజలందరికీ తెరిచి ఉన్న గూగుల్ సర్వరు 8.8.8.8ను పెట్టుకుంటారు చాలామంది. ఇందులో ఒక ప్రమాదం దాగి ఉంది. పైన చెప్పినట్టు ఆ చిరునామాను ఫైబర్‌కు కట్టేశాం. కర్మాగారంలోని కంప్యూటర్లన్నీ డీఎన్‌ఎస్ (వెబ్‌సైటు పేరుకు చిరునామా చెప్పే సేవ) కోసం అదే 8.8.8.8ను అడుగుతుంటే? ఫైబర్ తెగాక డిఫాల్ట్ రూటు చక్కగా 4జీకి మారుతుంది, డీఎన్‌ఎస్ ప్రశ్నలు మాత్రం తెగిన ఫైబర్‌లోకే వెళ్తాయి. ఏ వెబ్‌సైటూ తెరుచుకోదు. ‘రూటు మారింది, ఇంటర్నెట్ లేదు’ అని తల పట్టుకునే సందర్భాల్లో ముందు వెతకవలసింది ఇక్కడే. తిరుపతి సర్వరు చిరునామా 203.0.113.20ను నేరుగా పరీక్షకు పెట్టినా ఇదే కష్టం. ఏ సర్వరు కోసం ఇంత ఏర్పాటు చేశామో, 4జీ ఉండి కూడా ఆ సర్వరునే చేరలేం. అందుకే పరీక్షకు వాడే చిరునామాను మనుషులెవరూ వాడకూడదు. మన ఉదాహరణలో 203.0.113.10ను వేరుగా పెట్టింది ఇందుకే. పైగా ఐదు సెకన్లకు ఒకటి చొప్పున రోజుకు 17,280 పింగ్‌లు వెళ్తాయి. ముందుగా అడగకుండా అన్ని పింగ్‌లను ఇతరుల సర్వర్ల మీదికి పంపడం మర్యాద కాదు, వాటికి జవాబిస్తూ ఉంటామని వారు మనకు మాట ఇవ్వలేదు కూడా.

ఇంకో చిక్కు మిగిలింది. తిరుపతి కార్యాలయంలో కరెంటు పోయి అక్కడి రౌటర్ ఆగితే, ఫైబర్ బాగున్నా ట్రాక్ డౌన్ అంటుంది. కాబట్టి ఒకే సాక్షి మాట మీద తీర్పు ఇవ్వకూడదు. ఫైబర్ సంస్థవారిని అడిగి వారి లోపలి రౌటర్ చిరునామా ఒకటి తీసుకోండి. దాన్ని కూడా పైన చూపినట్టే ఫైబర్‌కు, నల్0కు కట్టి, ఎస్‌ఎల్‌ఏ 2, ట్రాక్ 20 రాయండి. ఆపై రెండింటినీ కలపండి:

ట్రాక్ 30 లిస్ట్ బూలియన్ ఆర్
ఆబ్జెక్ట్ 10
ఆబ్జెక్ట్ 20
డిలే డౌన్ 15 అప్ 60

‘ఆర్’ అంటే రెండింటిలో ఏ ఒక్కటి జవాబిచ్చినా దారి బాగున్నట్టే. రెండూ మౌనంగా ఉంటేనే తెగినట్టు. ఇప్పుడు డిలేను ట్రాక్ 10, 20ల నుంచి తీసేసి 30 మీదే ఉంచండి. డిఫాల్ట్ రూటును కూడా ‘ట్రాక్ 30’కి మార్చండి.

అంకెల గురించి కొంచెం. పింగ్ వచ్చిన మరుక్షణం ఫైబర్ తెగిందనుకుంటే తర్వాతి పింగ్‌కు 5 సెకన్లు, దాని జవాబు కోసం ఎదురుచూపు 2, డిలే 15, మొత్తం సుమారు 22 సెకన్లలో దారి మారుతుంది. కాటా పనికి ఇది చాలు. డిలే డౌన్ తీసేస్తే ఇంకా త్వరగా మారుతుంది, కానీ ఒక్క పింగ్ దారిలో పోయినా రద్దీ అంతా 4జీకి దూకుతుంది. 15 సెకన్లలోపు పింగ్ కోలుకుంటే రూటును కదిలించకపోవడమే తెలివి. ‘అప్’కు 60 ఎందుకంటే, ఫైబర్ అతికేవారు పని ముగించే ముందు లింకు పలుమార్లు వచ్చి పోతుంది. అది స్థిరపడ్డాకే తిరిగి వెళ్లడం మంచిది.

మైక్రోటిక్ రౌటర్లు వాడేవారికి ఒక మాట. అక్కడ రూటుకు చెక్-గేట్‌వే పింగ్ అని పెడితే పది సెకన్లకోసారి పరీక్షించి, వరుసగా రెండుసార్లు జవాబు రాకపోతే రూటును పక్కన పెడుతుంది. అయితే అది చూసేది గేట్‌వేను మాత్రమే. దూరపు చిరునామాను చూడాలంటే రికర్సివ్ రూటు (ఇంకో రూటు ద్వారా చేరే గేట్‌వేతో రాసే రూటు) కట్టాలి. అది ఒక పూర్తి పాఠం అవుతుంది.

అభ్యాసం. కంప్యూటర్‌లోనే నమూనా నెట్‌వర్క్ కట్టుకునే జీఎన్‌ఎస్3 సాఫ్ట్‌వేర్‌లో కర్మాగారం, ఫైబర్ సంస్థ, 4జీ సంస్థ, తిరుపతి అని నాలుగు రౌటర్లు పెట్టండి. కర్మాగారానికీ ఫైబర్ సంస్థకూ మధ్య ఒక స్విచ్ ఉంచండి, అదే మన మీడియా కన్వర్టర్. తెంపేటప్పుడు స్విచ్ అవతలి వైపు తెంపండి. నిజమైన పరికరాల మీద చేసేవారు రాగి కేబుల్‌ను ముట్టుకోకుండా కన్వర్టర్ నుంచి ఫైబర్‌ను తీయండి. ఫైబర్ పోగానే రాగి వైపును కూడా తానే ఆపేసే కన్వర్టర్లు కొన్ని ఉన్నాయి, మీది ఆ రకమా కాదా అన్నది అప్పుడే తెలుస్తుంది. ప్రతిసారీ ‘షో ట్రాక్’, ‘షో ఐపి ఎస్‌ఎల్‌ఏ స్టాటిస్టిక్స్’, ‘షో ఐపి రూట్’ మూడూ చూడండి. ముందు పరీక్ష చిరునామాకు విడి రూట్లు లేకుండా, సోర్స్-ఇంటర్‌ఫేస్ కూడా లేకుండా చేసి, ‘షో ట్రాక్’లో మార్పుల సంఖ్య పెరుగుతూ ఉండటం కళ్లారా చూడండి. ఆ తర్వాత రెండు వరుసలూ జోడించి, ఆ సంఖ్య ఒక్కసారి పెరిగి ఆగిపోతుందో లేదో గమనించండి.

దారి సరిగ్గా మారినా, అప్పటికే తెరిచి ఉన్న కొన్ని కనెక్షన్లు పాత ఫైబర్ చిరునామానే పట్టుకుని వేలాడటం మీకు కనిపిస్తుంది. అది న్యాట్ (లోపలి చిరునామాలను బయటి చిరునామాగా మార్చే ఏర్పాటు) పట్టికలో మిగిలిపోయిన పాత నమోదుల వల్ల జరుగుతుంది. 7వ పాఠంలో రెండు లింకులకు వేర్వేరుగా న్యాట్ రాసి, దారి మారిన వెంటనే ఆ నమోదులను రౌటర్ చేతనే తుడిపించే పద్ధతి చూద్దాం. ఈ పాఠంలో కట్టిన నమూనాను చెరిపేయకుండా దాచి ఉంచండి.