మ్యూజిక్ ప్లేయర్‌ను కారు స్టీరియోకు కలిపే పద్ధతులు

మ్యూజిక్ ప్లేయర్‌లోని పాటలను కారు స్పీకర్లలో వినడానికి మార్గాలు నాలుగైదు ఉన్నా, వినిపించే నాణ్యత అన్నింటిలోనూ ఒకేలా ఉండదు. అందువల్ల ఏదైనా కొనే ముందు స్టీరియో ముందు భాగాన్ని, గేరు దగ్గరి అరను, గ్లవ్ బాక్స్ లోపలి భాగాన్ని జాగ్రత్తగా వెతకాలి. బయటి పరికరంలోని పాటను కేబుల్ ద్వారా స్టీరియోలోకి తీసుకునే ఆక్స్ సాకెట్ తరచుగా ఇలాంటి మరుగు చోట్లలోనే ఉంటుంది.

ఆక్స్ ఉంటే, రెండు చివరలా 3.5 ఎం.ఎం. పిన్ ఉన్న స్టీరియో కేబుల్ ఒకటి సరిపోతుంది. ఒక చివరను ప్లేయర్ హెడ్‌ఫోన్ సాకెట్‌లో, రెండో చివరను ఆక్స్‌లో పూర్తిగా దిగేదాకా గుచ్చి, స్టీరియోలో సోర్స్ బటన్‌తో ఆక్స్‌ను ఎంచుకోవాలి. పిన్ సరిగా దిగకపోతే ఒక వైపు స్పీకర్లు మూగబోవచ్చు, లేదా గాయకుల గొంతు దాదాపుగా మాయమై వాద్యాలు మాత్రమే వినిపించవచ్చు. అప్పుడు స్టీరియోను అనుమానించే ముందు పిన్‌ను మరోసారి గట్టిగా నొక్కి చూడాలి.

ఇక్కడ వాల్యూమ్ రెండు చోట్ల ఉంటుందన్న సంగతిని చాలామంది పట్టించుకోరు. ప్లేయర్ వాల్యూమ్ బాగా తగ్గించి స్టీరియోలో పెంచితే, పాటతో పాటు సన్నని బుస కూడా పెరుగుతుంది. పైగా రేడియోకు మార్చిన మరుక్షణం చెవులు అదిరిపోయేంత శబ్దం వస్తుంది. ప్లేయర్‌లో పూర్తిగా పెంచితే కొన్నిట్లో పాట చీలుతుంది. ప్లేయర్‌లో ముప్పావు వంతు దగ్గర ఉంచి, అక్కడి బాస్ బూస్ట్‌ను ఆపివేసి, మిగతా సర్దుబాట్లన్నీ స్టీరియోలో చేసుకోవడం మేలు.

ప్లేయర్‌ను కారు 12 వోల్టుల సాకెట్ నుంచి ఛార్జ్ చేస్తూ ఆక్స్‌లో వింటున్నప్పుడు, యాక్సిలరేటర్ తొక్కిన కొద్దీ శ్రుతి పెరిగే సన్నని ఈల కొన్ని కార్లలో వినిపిస్తుంది. ప్లేయర్ గ్రౌండ్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) అటు ఛార్జర్ ద్వారా, ఇటు ఆక్స్ కేబుల్ ద్వారా రెండు దారుల్లో కారు బాడీకి కలవడం, ఇంజిన్‌తో తిరుగుతూ కారుకు కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ పుట్టించే విద్యుత్ అలజడి ఆ దారిలో పాటలోకి చొరబడడం దీనికి కారణం. ఛార్జర్ తీయగానే ఈల ఆగితే కారణం ఖరారైనట్టే. కారుకు కలపని పవర్ బ్యాంక్‌తో ఛార్జ్ చేసుకోవచ్చు, లేదా ఆక్స్ కేబుల్ మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెట్టుకోవచ్చు. దానిలోని చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు తీగల మధ్య నేరుగా సంబంధం లేకుండానే పాటను దాటిస్తాయి.

స్టీరియోలో పాటలు చదివే యూఎస్‌బీ పోర్ట్ ఉండి, ప్లేయర్ దానికి పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తే ఈ ఈల బెడద ఉండదు, ఛార్జింగ్ కూడా జరుగుతుంది. అయితే కొన్ని పోర్టులు ఛార్జింగ్‌కే పరిమితం. చాలా స్టీరియోలు ఫ్యాట్32 అనే ఫైళ్ల అమరిక పద్ధతిలో ఫార్మాట్ చేసిన నిల్వనే చదువుతాయి.

బ్లూటూత్ ఉంటే కారు ఆగి ఉన్నప్పుడే జత చేసుకోవాలి. పాత క్యాసెట్ స్టీరియోలకు, క్యాసెట్ ఆకారంలో ఉండి కేబుల్‌తో ప్లేయర్‌కు కలిసే క్యాసెట్ అడాప్టర్ ఉంది. ఇవేవీ కుదరనప్పుడే, ప్లేయర్ పాటను రేడియో తరంగాలుగా కారు రేడియోకు పంపే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్‌ను ఆశ్రయించాలని నా అభిప్రాయం. దానికి ఏ స్టేషనూ వినిపించని ఖాళీ ఫ్రీక్వెన్సీని వెతికి, రేడియోను కూడా అక్కడే నిలపాలి; దూర ప్రయాణంలో అదే ఫ్రీక్వెన్సీపై వేరే స్టేషన్ తగిలితే, బండి పక్కన ఆపి రెండింటినీ మరో ఖాళీ చోటికి మార్చుకోవాలి.