మిషనరీ పిల్లలకు టీచర్‌గా విదేశం వెళ్లాలంటే: విశాఖ నుంచి దరఖాస్తు ఎలా?

ఊరు కాని ఊళ్లో సేవ చేసే మిషనరీల పిల్లల చదువు కోసం పెట్టిన స్కూళ్లు చాలా దేశాల్లో ఉన్నాయి. కెన్యాలోని రిఫ్ట్ వ్యాలీ అకాడమీ 1906లో మొదలైంది. మనీలా దగ్గర ఫెయిత్ అకాడమీ, జర్మనీలో బ్లాక్ ఫారెస్ట్ అకాడమీ కూడా అలాంటివే. మన కొడైకెనాల్ ఇంటర్నేషనల్ స్కూల్‌ను 1901లో మొదలుపెట్టింది కూడా మిషనరీల పిల్లల కోసమే. బీఈడీ చేసి, ఈ పనికి వెళ్లాలని ప్రార్థన చేసుకుంటున్నవాళ్లు విశాఖ సంఘాల్లో ఉన్నారు. వాళ్లు మొదట తెలుసుకోవాల్సింది ఏ కాగితం ముందు, ఏది తర్వాత అన్నది.

ముందు దేశం తేల్చుకోండి

సర్టిఫికెట్ల ధ్రువీకరణ ఎలా చేయించాలన్నది వెళ్లే దేశాన్ని బట్టి ఉంటుంది. అపోస్టిల్ అంటే సర్టిఫికెట్ అసలుదేనని మన విదేశాంగ శాఖ వేసే ధ్రువీకరణ స్టిక్కర్, దాన్ని ఒప్పందంలో ఉన్న దేశాలు ఒప్పుకుంటాయి. ఈ అపోస్టిల్ ఒప్పందం మన దేశంలో 2005 జూలై 14 నుంచి అమల్లో ఉంది. ఫిలిప్పీన్స్ కూడా 2019లో చేరింది కాబట్టి అక్కడికి అపోస్టిల్ సరిపోతుంది. జర్మనీ కూడా ఆ ఒప్పందంలో ఉన్నదే, కానీ భారత్ చేరికకు అభ్యంతరం చెప్పింది. అందుకే మన అపోస్టిల్ అక్కడ చెల్లదు, ఆ దేశ రాయబార కార్యాలయం చెప్పిన పద్ధతిలో వెళ్లాలి. ఒప్పందంలో లేని దేశాలకైతే విదేశాంగ శాఖ అటెస్టేషన్, ఆపైన ఆ దేశ ఎంబసీ ముద్ర రెండూ కావాలి.

పేరు ఒక్కలా ఉందా?

ఎక్కువ మంది ఇరుక్కునేది ఇక్కడే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. సంఘంలో అందరూ సిస్టర్ గ్రేస్ అని పిలుస్తారు, సర్టిఫికెట్లో అసలు ఆ పేరే ఉండదు. పాస్టర్‌గారు ఇచ్చే సిఫార్సు లేఖలో కూడా పాస్‌పోర్టులో ఉన్న పేరే రాయించుకోండి. పిలిచే పేరు కూడా ఉండాలనుకుంటే దాని పక్కన రాయమనండి. పాస్‌పోర్టు కొత్తగా తీసుకునేవాళ్లు ఇంటిపేరు, పేరు వేర్వేరు గడుల్లో జాగ్రత్తగా నింపాలి. 36 పేజీల పుస్తకానికి మామూలు ఫీజు రూ.1,500, తత్కాల్ అయితే మరో రూ.2,000.

సర్టిఫికెట్ల ధ్రువీకరణ

డిగ్రీ, బీఈడీ ఒరిజినల్స్ మీద ముందుగా, వాటిని ఇచ్చిన రాష్ట్ర ప్రభుత్వం ధ్రువీకరణ ఉండాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయం పట్టా అయితే ఆంధ్రప్రదేశ్‌దే, బీఈడీ చెన్నైలో చేసి ఉంటే తమిళనాడుది. ఆ తర్వాతే విదేశాంగ శాఖ. ప్రొవిజనల్‌తో సరిపెట్టుకున్నవాళ్లు ఒరిజినల్ డిగ్రీకి ఇప్పుడే దరఖాస్తు పెట్టండి.

పాడవకుండా ఉంటుందని మన ఇళ్లలో మెమోలకు లామినేషన్ చేయిస్తారు. ముద్ర, స్టిక్కర్ కాగితం వెనకవైపు పడాలి. ప్లాస్టిక్ మీద అవి వేయరు. తీయబోతే కాగితమే చిరిగిపోతుంది, కాబట్టి బోర్డు నుంచో యూనివర్సిటీ నుంచో డూప్లికేట్ తీసుకోవడమే దారి.

విదేశాంగ శాఖ మన చేతి నుంచి నేరుగా కాగితాలు తీసుకోదు. అది నియమించిన ఏజెన్సీల ద్వారానే ఇవ్వాలి. హైదరాబాద్‌లో ఈ సేవ ఉంది. అపోస్టిల్‌కు ప్రభుత్వ రుసుము కాగితానికి రూ.50, ఏజెన్సీ ఛార్జీ వేరు. అటెస్టేషన్ అని బోర్డు పెట్టిన ప్రతి దుకాణమూ అధీకృతం కాదు. ఒరిజినల్స్ చేతికిచ్చే ముందు శాఖ వెబ్‌సైట్‌లో ఆ ఏజెన్సీ పేరు చూసుకోండి.

పోలీస్ క్లియరెన్స్ చివర్లో

పిల్లలతో పనిచేసేవాళ్లను ఈ స్కూళ్లు గట్టిగా పరిశీలిస్తాయి, పరిశీలించాలి కూడా. అందుకే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ (పీసీసీ) అడుగుతాయి. దానికి పాస్‌పోర్ట్ సేవా పోర్టల్‌లో దేశం పేరు ఎంచుకుని, రూ.500 కట్టి అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. అడ్రస్ మారి ఉంటే పోలీస్ విచారణ జరుగుతుంది. చాలా దేశాలు ఆరు నెలల లోపు తీసుకున్నదే అడుగుతాయి కాబట్టి స్కూల్ నుంచి ఆఫర్ ఖాయమయ్యాకే పెట్టుకోండి.

స్కూల్ అడిగేవి

విశ్వాస ప్రకటన, పాస్టర్ లేఖ, పాఠం చెప్పే వీడియో, ఇంటర్వ్యూ దాదాపు ప్రతిచోటా ఉంటాయి. చాలా చోట్ల అమెరికన్ లేదా బ్రిటిష్ సిలబస్ కాబట్టి మీ సబ్జెక్టును ఆ పుస్తకాల్లో ఒక్కసారైనా చదవండి. ఈ పిల్లలు అమ్మానాన్నల దేశానికీ, పెరుగుతున్న దేశానికీ మధ్యలో ఉంటారు. సొంతూరేదని అడిగితే వెంటనే చెప్పలేరు. హాస్టల్లో ఉండి రాత్రి అమ్మ గుర్తొచ్చి ఏడ్చే పిల్లాడి పక్కన కూర్చోగల ఓపిక మీకుంటే ఆ విషయం దరఖాస్తులో రాయండి. నా దృష్టిలో మార్కుల కన్నా అదే ముఖ్యం.

జీతం సంగతి సిగ్గుపడకుండా అడగండి. ఇలాంటి స్కూళ్లలో చాలావాటికి టీచర్లే సంఘాల నుంచి, దాతల నుంచి మద్దతు కూడగట్టుకుని వెళ్తారు. వసతి, వైద్య బీమా, తిరుగు టికెట్ ఎవరిదో రాతలో ఉండాలి.

ఇప్పుడు ప్రైవేటు స్కూల్లో పనిచేస్తూ ఉండి, చేరేటప్పుడు ఒరిజినల్స్ అక్కడ ఇచ్చి ఉంటే ధ్రువీకరణకు ముందే తెచ్చుకోండి. వర్క్ వీసా చేతికొచ్చాకే రాజీనామా ఇవ్వండి. టూరిస్ట్ వీసా మీద వచ్చి పాఠాలు చెప్పమంటే మాత్రం ఒప్పుకోవద్దు.