గ్రిడ్‌లో రికార్డులు రావడం లేదా? ముందు వరసలు లెక్కపెట్టండి

విండోస్ ఫారమ్స్‌లో (డాట్‌నెట్‌తో డెస్క్‌టాప్ ప్రోగ్రాములు రాసే పద్ధతి) రికార్డుల్ని పట్టికలా చూపే డేటాగ్రిడ్‌వ్యూ ఖాళీగా కనబడగానే చాలామంది గ్రిడ్‌ని పీకేసి మళ్లీ పెడతారు. అది తర్వాత. డేటాబేస్ నుంచి రికార్డులు తెచ్చే అడాప్టర్ టేబుల్‌ని ఫిల్ చేసిన వెంటనే ఆ టేబుల్ రోస్ కౌంట్ ఎంతో మెసేజ్‌బాక్స్‌లో చూడండి. సున్నా వస్తే తేడా క్వెరీలోనో కనెక్షన్‌లోనో ఉంది, గ్రిడ్ జోలికి వెళ్లనక్కర్లేదు. మెసేజ్‌బాక్సే రాకపోతే ఎక్కడో ఖాళీ క్యాచ్ బ్లాకు ఎర్రర్‌ని మింగేస్తోందేమో చూడండి. ఇంత చిన్న పరీక్ష చేయకుండా గంటలు పోగొట్టుకోవడం చూస్తే బాధేస్తుంది.

కౌంట్ వస్తోంది, గ్రిడ్ ఖాళీ: గ్రిడ్ డేటాసోర్స్‌కి డేటాసెట్ (టేబుళ్ల మూట) ఇచ్చి, డేటామెంబర్‌లో టేబుల్ పేరు వదిలేశారు. నేరుగా టేబుల్‌నే ఇచ్చేయండి.

వరసలు ఉన్నాయి, గడుల్లో ఏమీ లేదు: కాలమ్‌లు డిజైనర్‌లో మీరే పెట్టుకుంటే, ఒక్కోదాని డేటాప్రాపర్టీనేమ్ క్వెరీలోని కాలమ్ పేరుతో కలవాలి.

సేవ్ చేసిన రికార్డు మళ్లీ రన్ చేస్తే మాయం: అసలు తిప్పలు పెట్టేది ఇదే. ముందు అడాప్టర్ అప్‌డేట్ (మార్పుల్ని డేటాబేస్‌లో రాసేది) ఎంత రిటర్న్ చేసిందో చూడండి. సున్నా అయితే ఎడిట్‌ని ముగించే ఎండ్‌ఎడిట్ పిలవలేదు, లేదా మార్పులు ఇక మిగల్లేదని గుర్తుపెట్టే యాక్సెప్ట్‌చేంజెస్‌ని అప్‌డేట్‌కి ముందే పిలిచారు. 1 వచ్చి, ఎర్రర్ లేకుండా, గ్రిడ్‌లో కూడా కనబడి, మళ్లీ ఎఫ్5 నొక్కేసరికి పోతోందంటే కోడ్‌ని అనుమానించకండి. డేటాబేస్ ఫైలు ప్రాజెక్టులో ఉంటే ప్రోగ్రామ్ మామూలుగా దాన్ని ముట్టుకోదు. బిల్డ్‌లో బిన్, డీబగ్ ఫోల్డర్‌లోకి వెళ్లిన నకలులోనే రాస్తుంది. కాపీ టు ఔట్‌పుట్ డైరెక్టరీ దగ్గర కాపీ ఆల్వేస్ ఉంటే, ప్రతి బిల్డ్‌కీ ప్రాజెక్టులోని పాత ఫైలు వచ్చి ఆ నకలు మీద కూర్చుంటుంది. విజువల్ స్టూడియోలోని సర్వర్ ఎక్స్‌ప్లోరర్‌లో వెతికినా ఆ రికార్డు దొరకదు, ఎందుకంటే అది తెరిచేది చాలాసార్లు ప్రాజెక్టులోని ఫైలునే.

రుజువు కావాలంటే రికార్డు సేవ్ చేసి, ప్రోగ్రామ్ మూసి, బిల్డ్ చేయకుండా డీబగ్ ఫోల్డర్‌లోని ఈఎక్స్ఈని నేరుగా తెరవండి. రికార్డు అక్కడే ఉంటుంది.

పరిష్కారం: సొల్యూషన్ ఎక్స్‌ప్లోరర్‌లో ఆ ఫైలు ప్రాపర్టీస్ తెరిచి డూ నాట్ కాపీ పెట్టండి. డీబగ్‌లో ఉన్న నకలు అలాగే పనిచేస్తుంది. రిలీజ్‌కి మారినా, టేబుల్ నిర్మాణం మార్చినా ఫైలుని చేత్తో కాపీ చేసుకోవాలి. కాపీ ఇఫ్ న్యూయర్ చాలు కదా అంటారు. ఎండీఎఫ్ (ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్) ఫైలుకి చాలదు: సర్వర్ ఎక్స్‌ప్లోరర్‌లో టేబుల్స్ విప్పి చూసినా ఫైలు కొత్తదిగా లెక్కకొచ్చి, మీ రికార్డుల్ని తుడిచేయగలదు.

ఇక యాక్సెస్ ఫైళ్లను తెరిచే ఏస్ ఓఎల్ఈడీబీ ప్రొవైడర్ రిజిస్టర్ కాలేదన్న ఎర్రర్ వస్తే ప్రొవైడర్ అసలు లేదు, లేదా ప్రోగ్రామ్ 64 బిట్‌లో, ప్రొవైడర్ 32 బిట్‌లో (లేదా దానికి తిరగేసి) ఉంది. రెండూ ఒకటే చేయండి. గ్రిడ్‌కి డేటాసోర్స్‌గా ఇచ్చిన లిస్టుకి కొత్త ఐటమ్ కలిపినా గ్రిడ్ కదలకపోతే, మార్పుల్ని గ్రిడ్‌కి తెలియజేసే బైండింగ్‌లిస్ట్ వాడండి.