గీత, వంపుతో తిరుపతి: సలూవా షుకైర్ దారిలో ఒక గువాష్ చిత్రం

సలూవా రవుదా షుకైర్ (1916–2017) లెబనాన్ రాజధాని బీరూట్‌లో పుట్టిన చిత్రకారిణి, శిల్పి. 1948లో ఆమె వేసిన ‘పారిస్–బీరూట్’ గువాష్‌లో (నీటితో కలిపి వేసే, కింది కాగితం కనిపించనివ్వని చిక్కటి రంగు) రెండు ఊళ్లు ఒకే కాగితం మీద కలిసిపోతాయి. పారిస్ విజయతోరణం, లెబనాన్ దేవదారు, ఎనిమిది కోణాల నక్షత్రం పక్కపక్కనే సాదా రంగు ముక్కలుగా ఉంటాయి. ఆమె పారిస్‌లో ఫ్రెంచ్ చిత్రకారుడు ఫెర్నాన్ లెజే స్టూడియోలో పనిచేశారు గనుక ఇదంతా అక్కడి ప్రభావమే అనుకుంటారు చాలామంది. కానీ అసలు మూలం ఇస్లామిక్ జ్యామితిలో, అరబ్బీ పద్యంలో ఉంది. ఆ పద్యంలో ఏ పాదద్వయానికి ఆ పాదద్వయం నిలబడుతుంది, అన్నీ కలిస్తే ఒకే కవిత. మన శతకాల్లో ఏ పద్యానికి ఆ పద్యం నిలిచినట్టే.

అదే పద్ధతిలో తిరుపతిని వేయాలంటే మన జ్యామితి మన వాకిట్లోనే ఉంది: చుక్కల ముగ్గు.

ఎ3 సైజు, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) నున్నటి కాగితం తీసుకోండి. గరుకు కాగితం మీద అంచు సూటిగా రాదు. నిలువుగా 24 × 36 సెం.మీ. చట్రం గీసి, 3 సెం.మీ.కి ఒక చుక్క పెట్టండి. 96 గడులు వస్తాయి.

గోవిందరాజస్వామి గుడి పెద్ద గోపురానికి ఏడంతస్తులు. అంతస్తుకు ఒక గడి చొప్పున ఎత్తు 21 సెం.మీ. అడుగు వెడల్పు 9 సెం.మీ. పెట్టి, పైకి పోయే కొద్దీ అటూ ఇటూ 3 మి.మీ. తగ్గించండి. ఏడో అంతస్తు 5.4 సెం.మీ. అవుతుంది, దాని మీద అర్ధవృత్తం. బొమ్మలు, కలశాలు వద్దు. కొండను త్రికోణంగా గీయడం అందరూ చేసే తప్పు. ఊళ్లోంచి చూస్తే తిరుమల కొండ మొనదేలి ఉండదు, పైన చదునుగా, కింద నిలువు రాతి గోడలా కనిపిస్తుంది. కాబట్టి గోపురం వెనక అడ్డంగా ఒక పట్టీ చాలు. ఘాట్ రోడ్డుకు కంపాస్‌తో 3 సెం.మీ. పావు వృత్తాలు గీసి, ఒకదాని వంపు ఎడమకు, తర్వాతిది కుడికి కలపండి. మెలికల ముగ్గు పడుతుంది.

ఎనిమిది కోణాల నక్షత్రం దగ్గర జాగ్రత్త. ముందు 6 సెం.మీ. చతురస్రం గీయండి. దాని మధ్యబిందువు నుంచి నిలువుగా, అడ్డంగా నాలుగు వైపులా 4.2 సెం.మీ. దగ్గర గుర్తులు పెట్టి కలిపితే రెండో చతురస్రం వస్తుంది. చుక్క దొరికింది కదా అని 3 సెం.మీ. దగ్గర ఆపితే దాని మూలలు మొదటి చతురస్రం భుజాలనే తాకి ఆగిపోతాయి, కోణాలు బయటికి రావు.

రంగులు అయిదే: ఇటుక ఎరుపు, పసుపు, నీలిమందు, సున్నపు తెలుపు, ముదురు గోధుమ. నల్ల గీతతో చుట్టూ కట్టకండి. శ్రీకాళహస్తి కలంకారీకి ఆ గీతే ప్రాణం, ఇక్కడ మాత్రం రెండు రంగులు కలిసిన చోటే గీత.

గువాష్ చిక్కటి మజ్జిగలా ఉండాలి. మరీ చిక్కనైతే ఆరాక పగుళ్లు, పలచనైతే చారలు. లేత రంగు ఆరితే కాస్త ముదురుతుంది, ముదురుది కాస్త తేలుతుంది. అందుకే చిన్న ముక్క మీద వేసి, ఆరాక చూసి, ఆ రంగు మొత్తం ఒకేసారి కలుపుకోండి. తర్వాత కలిపితే ఛాయ కలవదు. మే నెల తిరుపతి ఎండల్లో రంగు కుంచె మీదే ఎండిపోతుంది. ఫ్యాన్ ఆపి, పళ్లెం మీద తడిగుడ్డ కప్పండి. రెండో పూత వేస్తే ఒక్కసారే లాగండి. అక్కడక్కడే రుద్దితే కింది రంగు కరిగి పైకొస్తుంది. ఆరిన రంగు మీద టేపు అంటించకండి, రంగు పెచ్చులుగా లేచివస్తుంది. అంచులకు బల్లపరుపు కుంచె చాలు.

పూర్తయ్యాక అట్టలో 12 సెం.మీ. చతురస్రపు కిటికీ కోసి, చిత్రం మీద జరుపుతూ చూడండి. ఎక్కడ ఆపినా ఆ ముక్క విడిగా ఒక చిత్రంలా నిలవాలి. నిలవని చోట సాధారణంగా ఒక ఆకారం ఎక్కువై ఉంటుంది. తడి కుంచెతో ఆ రంగును తేల్చి, బట్టతో అద్ది, బాగా ఆరనిచ్చి, పక్క రంగునే అక్కడికి పొడిగించండి. ఫ్రేములో పెట్టేటప్పుడు అద్దానికీ కాగితానికీ మధ్య మందపాటి అట్ట మౌంట్ ఉండాలి, లేకపోతే వానాకాలం తేమకు రంగు అద్దానికి అంటుకుంటుంది.