కాలేజీలు చూసొచ్చాక ఏది ఏదో కలిసిపోకుండా

వరసగా రెండు మూడు కాలేజీలు చూసొచ్చేసరికి లైబ్రరీ ఎక్కడ బాగుందో, హాస్టల్ ఎక్కడ ఇరుకుగా ఉందో అంతా కలగాపులగం అయిపోతుంది. మా అమ్మాయితో తిరిగినప్పుడు మొదటి రెండూ అలాగే కలిసిపోయాయి. మూడోదాని నుంచి ఇలా చేశాం.

లోపలికి వెళ్లేముందు గేటు మీది పేరు బోర్డును ఒక ఫొటో తీయాలి. తర్వాత తీసినవన్నీ ఫోన్‌లో దాని వెనకే వరసగా ఉంటాయి, ఏది ఎక్కడిదో వెతుక్కోనక్కర్లేదు. వాళ్లు చూపించే ఆడిటోరియం, ల్యాబ్ సరే. మనం మాత్రం నోటీసు బోర్డు, ఒక మామూలు క్లాస్‌రూం, బాత్రూం కూడా చూడాలి. (బాత్రూంకి ఫొటో అక్కర్లేదు, ముక్కుకే గుర్తుంటుంది.)

చూపించేవాళ్లు పక్కన లేనప్పుడు క్యాంటీన్ దగ్గర ఇద్దరు ముగ్గురు విద్యార్థుల్ని ఒకటే ప్రశ్న అడగాలి: "ఇక్కడ మీకు బాగా చిరాకు తెప్పించేది ఏంటి?" కాలేజీ బాగుందా అని అడిగితే అందరూ బాగుందనే అంటారు. ఇద్దరు విడివిడిగా ఒకటే చెప్పారంటే అది రాసుకోవాల్సిందే.

బయటికొచ్చాక, బస్సెక్కకముందే, పిల్లలే ఫోన్‌లో 2 నిమిషాలు మాట్లాడి రికార్డు చేసుకోవాలి: నచ్చినవి 3, నచ్చనివి 3, ఇంకా తేలాల్సింది 1. అప్పటిదాకా అమ్మానాన్నలు నోరు విప్పకూడదు. విప్పితే మన మాటే రికార్డవుతుంది.

సెలవుల్లోనో పరీక్షలప్పుడో వెళ్తే ఇదేదీ పనిచేయదు. అడగడానికి మనుషులుండరు, ఉన్నా ఆగి మాట్లాడరు. క్లాసులు జరిగే రోజు చూసుకుని వెళ్లండి. ఫొటోలు తీయనిస్తారో లేదో గేటు దగ్గరే అడగండి.