వి-క్రాస్‌కు కొత్త రిమ్ములు, టైర్లు: ఏవి కొనాలి, ఎలా బిగించాలి

శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మాక్స్ వి-క్రాస్ పికప్‌కు 18 అంగుళాల రిమ్ముతో వచ్చే టైరు సైజు 255/60 ఆర్ 18. హైవేకు చాలా బాగుంటుంది. రాళ్ల బాటలో మాత్రం చిక్కు. టైరు పక్కగోడ ఎత్తు 255 మి.మీ. వెడల్పులో 60 శాతం, అంటే 153 మి.మీ. గాలి తగ్గించి రాయి ఎక్కిస్తే రిమ్ అంచుకూ రాయికీ మధ్య రబ్బరు ఎక్కువేమీ మిగలదు.

చాలామంది ముందు రిమ్ డిజైను చూసి మోజుపడతారు, తర్వాత దానికి సరిపడే టైరు వెతుకుతారు. ఈ వరస తిరగెయ్యండి. ముందు మీరు తిరిగే నేల, దానికి తగిన టైరు, ఆ టైరుకు తగిన రిమ్.

మొత్తం ఎత్తు లెక్క సులువే: వెడల్పు × శాతం × 2, దానికి రిమ్ అంగుళాలను 25.4తో హెచ్చించి కలపాలి. పాత టైరు 763 మి.మీ. వస్తుంది. 265/65 ఆర్ 17 అయితే 776; తేడా రెండు శాతం లోపే, పక్కగోడ మాత్రం 172కి పెరుగుతుంది. 265/70 ఆర్ 17 అయితే 803, అంటే 5 శాతం పైన. బండి దాదాపు 20 మి.మీ. లేస్తుంది. కానీ మీటరులో అదే 100 కనిపిస్తున్నప్పుడు బండి మునుపటికన్నా 5 కి.మీ. ఎక్కువ వేగంతో పోతుంటుంది. గేర్లన్నీ అంతే మేర బరువెక్కినట్టు అనిపిస్తాయి, ఘాట్‌లో ఒక గేరు ముందే దించాల్సి వస్తుంది. 285/70 ఆర్ 17 వైపు చూస్తే 831. సస్పెన్షన్ ఎత్తు పెంచి, లోపలి ప్లాస్టిక్ కోస్తే తప్ప అది ఇమడదు. వారాంతంలో అడవి బాట, మిగతా రోజులు ఆఫీసు అన్న బండికి 265/65 ఆర్ 17 ఆల్ టెరైన్ (రోడ్డుకూ మట్టి బాటకూ పనికొచ్చే టైరు) చాలు అన్నది మా అభిప్రాయం. నల్లరేగడిలో వానాకాలమంతా తిరిగేవాళ్లకు మాత్రం మడ్ టెరైన్ (బురద కోసం లోతైన గాడులున్న టైరు) తప్పదు. ఆల్ టెరైన్ టైరు గాడులు ఆ బంకమట్టితో నాలుగు చుట్లలో నిండిపోయి, టైరు నున్నగా గుండుగా తయారవుతుంది. మడ్ టెరైన్‌కు మరో పక్క రోడ్డు మీద హోరు, తడి తారుపై తక్కువ పట్టు, డీజిలు ఖర్చు ఉంటాయి.

టైరు మీద లోడు అంకె పాతదానికన్నా తగ్గకూడదు. 112 అని ఉంటే టైరుకు 1120 కిలోలు, 116 ఉంటే 1250 కిలోలు. ఐఎస్‌ఐ గుర్తు చూడండి. తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది: 2325 అంటే 2025వ సంవత్సరం 23వ వారం. రెండేళ్లు దాటిన సరుకును రాయితీ ఇస్తామన్నా తీసుకోకండి.

ఇక రిమ్. బోల్టుల అమరిక 6×139.7, అంటే 139.7 మి.మీ. వ్యాసమున్న వలయం మీద ఆరు బోల్టులు. ఈ కొలత చాలా పికప్‌లకు ఒకటే కాబట్టి షాపులో "పడుతుంది అన్నా" అనేస్తారు. బోల్టులు పడతాయి, నిజమే. తేడా వచ్చేది నడిమి రంధ్రం దగ్గర. హబ్ (చక్రాన్ని బిగించే ఇరుసు కొస) వ్యాసాన్ని, రిమ్ రంధ్రాన్ని వెర్నియర్‌తో కొలవండి. రిమ్ రంధ్రం చిన్నదైతే ఎక్కనే ఎక్కదు. పెద్దదైతే మధ్యలో అల్యూమినియం రింగు వేయించండి. రింగు లేకుండా బిగిస్తే చక్రం వెంట్రుకవాసి పక్కకు కూర్చుంటుంది. అప్పుడు ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా 80 దాటగానే స్టీరింగ్ వణుకుతుంది.

డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఆఫ్‌సెట్ దగ్గరే. రిమ్ వెడల్పుకు సరిగ్గా నడిమి గీత నుంచి హబ్‌కు ఆనే ముఖం ఎన్ని మి.మీ. దూరమో అదే ఆఫ్‌సెట్. రిమ్ వెనక ఈటీ అని ముద్ర ఉంటుంది. ఆ అంకె తగ్గేకొద్దీ చక్రం బయటికి వస్తుంది. ఉదాహరణకు 7.5 అంగుళాల వెడల్పు, ఈటీ33 ఉన్న రిమ్ తీసి, 8 అంగుళాలు, ఈటీ20 ఉన్నది వేశారనుకోండి. ఆఫ్‌సెట్ తేడా 13 మి.మీ., వెడల్పు తేడాలో సగం 6 మి.మీ. పైచిలుకు. బయటి అంచు 19 మి.మీ. బయటికి వస్తుంది, లోపలి అంచు దాదాపు 7 మి.మీ. సస్పెన్షన్‌కు దూరమవుతుంది. ఇంతవరకూ సరే. ఈటీ సున్నా దాకా పోతే చూడ్డానికి బండి కాళ్లు చాపుకున్నట్టు దర్జాగా ఉంటుంది గానీ, హబ్ బేరింగులపై భారం పెరుగుతుంది, గుంటలో పడ్డప్పుడు స్టీరింగ్ చేతులను గుంజుతుంది, బురద తలుపుల దాకా చిమ్ముతుంది. టైరు మడ్‌గార్డు దాటి బయటికి కనిపిస్తే పోలీసులూ ఆపుతారు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019లో ఇదే గట్టిగా చెప్పింది. అందుకే సైజు మార్పు చిన్నదిగా ఉండటం, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపడం మంచిది. పాత రిమ్ములు అమ్మేయకండి.

రిమ్ మీద కిలోల్లో లోడు ముద్ర ఉందో లేదో కూడా చూడండి. నిండు బండిలో వెనక ఇరుసుపై పడే బరువులో సగానికి అది తక్కువ కాకూడదు. ఆ ముద్ర లేని రిమ్ ఎంత చవకైనా వదిలేయండి. హబ్‌కూ రిమ్‌కూ మధ్య పెట్టే స్పేసర్ల జోలికి అసలే పోకండి.

టైర్లు ఎక్కించకముందే ఒక ఖాళీ రిమ్‌ను ముందు హబ్‌కు పెట్టి చేత్తో తిప్పి చూడండి. బ్రేకు క్యాలిపర్‌కూ రిమ్ ఊచలకూ మధ్య కనీసం 3 మి.మీ. ఖాళీ ఉండాలి. టైరు ఎక్కించాక షాపువాళ్లు వాపసు తీసుకోరు. నట్లు కూడా ఇప్పుడే సరిచూడండి. కొత్త రిమ్ రంధ్రం శంఖువు ఆకారంలో ఉంటే నట్టూ అలాంటిదే కావాలి. చదునైన వాషరు నట్టు వేస్తే బిగిసినట్టే ఉండి దారిలో వదులవుతుంది. మర ఎం12×1.5, అంటే బోల్టు వ్యాసం 12 మి.మీ., ఒక్కో చుట్టుకు 1.5 మి.మీ. నట్టు చేత్తో తిప్పితే కనీసం 8 చుట్లు లోపలికి పోవాలి, అంటే 12 మి.మీ. మర పట్టినట్టు.

టైరు ఎక్కించేటప్పుడు టైరు మీద పసుపు చుక్క ఉంటే అది వాల్వు పక్కకు రావాలి. అది టైరులో తేలికైన చోటు. బ్యాలెన్సింగ్‌కు ఒక చక్రానికి 100 గ్రాములకు మించి సీసం అతికించాల్సి వస్తోందంటే గాలి తీసి టైరును రిమ్ మీద సగం చుట్టు తిప్పి మళ్లీ చూడమనండి. బద్ధకించి సీసం అంటిస్తూ పోయేవాళ్లే ఎక్కువ.

బిగించే ముందు హబ్ ముఖం మీది తుప్పును తీగ బ్రష్‌తో గీకండి. తుప్పు పొర మీద బిగించిన చక్రం, ఆ పొర నలిగాక వదులవుతుంది. బోల్టు మరలకు నూనె, గ్రీజు రాయొద్దు. రాస్తే అదే టార్క్‌కు (బిగింపు బలానికి) బోల్టు ఎక్కువ సాగి తెగే ప్రమాదం ఉంది. ఆరు నట్లూ చేత్తో పట్టించి, గడియారం లెక్కన 12, 6, 4, 10, 8, 2 వరసలో మూడు విడతలుగా బిగించండి: ముందు 40, తర్వాత 80, చివర ఓనర్ మాన్యువల్‌లో ఇచ్చిన అంకె. ఈ తరహా బోల్టులకు అది సాధారణంగా 110 నుంచి 120 న్యూటన్ మీటర్లు. చివరి విడత చక్రం నేలకు ఆనాక, టార్క్ రెంచ్‌తోనే. గాలి గన్నుతో టకటకా బిగించి పంపితే ఒప్పుకోకండి. 80 నుంచి 100 కి.మీ. తిరిగాక మళ్లీ రెంచ్ పెట్టి చూడండి. కొత్త అల్లాయ్ సర్దుకుంటుంది, నట్లు కాస్త వదులవడం మామూలే.

రాపిడి పరీక్ష ఖాళీ బండి మీద చేస్తే తెలియదు. టైరు భుజాలకు సుద్దముక్క బాగా రుద్ది, వెనక బరువు వేసి, ఒక ముందు చక్రాన్ని అడుగు ఎత్తు గట్టు మీదికి ఎక్కించండి. స్టీరింగ్ పూర్తిగా ఇటూ అటూ తిప్పి ముందుకీ వెనక్కీ నడపండి. సుద్ద చెరిగిన చోట టైరు తగులుతోంది. ఎక్కువగా తగిలేది చక్రం వెనకున్న ప్లాస్టిక్ లైనరు, మడ్ ఫ్లాప్, క్యాబిన్‌ను ఛాసిస్‌కు కలిపే బ్రాకెట్. లైనరును హీట్ గన్‌తో వేడిచేసి వెనక్కి నొక్కొచ్చు, ఫ్లాపు కోయొచ్చు. బ్రాకెట్‌కు తగిలితే మాత్రం సైజు తగ్గించుకోండి. తర్వాత అలైన్‌మెంట్ తప్పనిసరి.

స్టెప్నీ ఐదో టైరే, అలంకారం కాదు. వి-క్రాస్‌లో ఫోర్ వీల్ డ్రైవ్‌కు మధ్యలో డిఫరెన్షియల్ (ముందు, వెనక ఇరుసులను వేర్వేరు వేగంతో తిరగనిచ్చేది) లేదు. అడవిలో పంచరై పాత చిన్న టైరు వేసి 4హెచ్‌లో, అంటే నాలుగు చక్రాలకూ బలం అందే మోడ్‌లో, గట్టి నేల మీద నడిపితే రెండు ఇరుసులకూ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మెలిపడి, ఆ మోడ్ నుంచి బయటికి రాదు. కొత్త టైరు బెడ్ (వెనక సరుకు వేసే తొట్టి) కింద స్టెప్నీ చోటులో పడుతుందో కొనకముందే టేపుతో కొలవండి. 8 వేల కి.మీ.కోసారి ఐదింటినీ కలిపి ఒకదాని చోట ఒకటి మార్చుకుంటే అన్నీ సమానంగా అరుగుతాయి.

గాలికి తలుపు మీది స్టిక్కర్ అంకెతో మొదలుపెట్టండి. టైరు అడ్డంగా సుద్దగీత గీసి, నేరుగా ఉన్న రోడ్డు మీద కొద్ది దూరం నడపండి: మధ్యలోనే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లో చెరిగితే తక్కువ. రాళ్లలో 20 నుంచి 22 పీఎస్‌ఐ, మెత్తటి ఇసుకలో 16 నుంచి 18. 15 కంటే దిగితే గట్టి మలుపులో టైరు రిమ్ నుంచి ఊడొచ్చేస్తుంది. తారు ఎక్కేముందు గాలి నింపడానికి కంప్రెసర్ బండిలోనే ఉంచుకోండి.